మంగళాజోడిలో 600 ఎమ్ఎమ్‌తో తీసినవి షార్ప్‌గా రావట్లేదు, లెన్స్ మార్చాలా?

ప్రశ్న (బరంపురం)

అందరికీ నమస్కారం. నా దగ్గర నికాన్ డీ7500 కెమెరా, సిగ్మా 150-600 కాంటెంపరరీ జూమ్ లెన్స్ ఉన్నాయి. చిల్కా సరస్సులో మంగళాజోడి వైపు పడవ మీంచి తీసిన ఫొటోలు కెమెరా స్క్రీన్ మీద బాగానే కనిపిస్తాయి. కంప్యూటర్‌లో వంద శాతానికి పెంచితే ఈకలన్నీ కలిసిపోయి ఉంటాయి. గాడ్‌విట్‌లు, పిన్‌టెయిల్ బాతులు, నీలి బొల్లికోళ్ళు, అన్నిటికీ ఇదే వరస.

షటర్ 1/800 సెకను, ఎఫ్/6.3 (లెన్స్ తెరుచుకునే కొలత), ఆటో ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని గ్రహించే స్థాయి), ఏఎఫ్-సీ (కదిలేదాన్ని వెంబడించే ఫోకస్), సింగిల్ పాయింట్, స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) మోడ్ 1. టైము ఉదయం 8:30 నుంచి 10:30 దాకా. దూరం 60–80 మీటర్లు. పడవలో ట్రైపాడ్ వేసినా తేడా లేదు. తెల్లకొంగల మీద తెలుపు మొత్తం కొట్టుకుపోతోంది. కాలిబ్రేషన్‌కి (ఫోకస్ సరిచేయించడానికి) పంపమని ఒకరంటారు, అమ్మేసి జూమ్ లేని ప్రైమ్ లెన్స్ కొనమని ఇంకొకరు.

ఇంకో మూడు సంగతులు కూడా తెలిసినవాళ్ళు చెప్పండి. తేలుకుంచి ఊళ్ళో కొంగల గూళ్ళ దగ్గర ఎలా తియ్యాలి? దేవ్‌మాలి కొండ, డుడుమా జలపాతం వైపు ల్యాండ్‌స్కేప్‌కి ఏం పట్టుకెళ్ళాలి? వచ్చే ఏడు కెన్యాలోని మసాయి మారా అడవికి వెళ్ళాలి, ఈ సామాను విమానంలో ఎలా తీసుకెళ్ళాలి?

జవాబు (ఛత్రపురం)

లెన్స్ అమ్మకండి. కాలిబ్రేషన్‌కీ ఇప్పుడే పంపకండి. మీరిచ్చిన అంకెల్లోనే జవాబుంది: 80 మీటర్లు, 8:30 తర్వాత, 1/800. ఈ మూడూ కలిస్తే ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఇలాగే వస్తుంది.

ముందు దూరం చూడండి. మీ సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. 600 దగ్గర, 80 మీటర్ల దూరంలో, ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు మూడు మీటర్ల పైనే. గాడ్‌విట్ సుమారు 40 సెంటీమీటర్ల పక్షి. అంటే 5568 పిక్సెళ్ళలో దానికి దక్కేది 700 చిల్లర, కంటికి పది కూడా దక్కవు. అదే 15 మీటర్లకి చేరితే ఫ్రేమ్ వెడల్పు 59 సెంటీమీటర్లు, పక్షి మూడింట రెండు వంతులు నిండుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ తేడాని పూడ్చలేదు.

రెండోది గాలి. ఎండెక్కాక బురద గట్లు, గడ్డి, నీళ్ళు ఒక్కోటి ఒక్కో వేడిలో ఉంటాయి. వాటి మీది గాలి పొయ్యి మీద పెనం పైగాలిలా వణుకుతుంది. 600 లెన్స్ ఆ వణుకుని పెద్దది చేసి చూపిస్తుంది. పడవలో నీటిమట్టానికి దగ్గరగా కూర్చుంటే కెమెరాకీ పక్షికీ మధ్య ఉన్నదంతా ఆ గాలే. చలికాలం తెల్లవారుజామున నీళ్ళు వెచ్చగా, గాలి చల్లగా ఉన్నప్పుడు కూడా కొంత వణుకు ఉంటుంది, అందుకని పెందలాడే వెళ్తే చాలనుకోవద్దు. దీనికి మందు దూరం తగ్గించుకోవడమే. 20 మీటర్ల లోపు ఈ బాధ చాలావరకు తగ్గిపోతుంది, 40 దాటితే ఎండెక్కాక ఆశ పెట్టుకోవద్దు.

తప్పు గాలిదా, చేతిదా, ఫోకస్‌దా అన్నది ఇలా తేలుతుంది. కదలకుండా నిలబడ్డ పక్షి మీద 20 ఫ్రేములు వరసగా కొట్టండి. కొన్ని బాగుండి కొన్ని పాడై, అంచులు అలలుగా కనిపిస్తే, ఒకే ఫ్రేమ్‌లో తల బాగుండి కాళ్ళు కరిగినట్టుంటే అది గాలి. ముక్కు, కాళ్ళు, గడ్డిపరకలు అన్నీ ఒకే దిక్కుకి సాగి జంట గీతలుగా వస్తే అది షేక్ (కెమెరా కదలడం), షటర్ వేగం చాల్లేదు. పక్షి మాత్రం మసకగా ఉండి, దాని ముందున్న గడ్డో వెనకున్న నీటి అలో ప్రతి ఫ్రేమ్‌లోనూ స్పష్టంగా ఉంటే అప్పుడు అది ఫోకస్ తేడా.

ఫోకస్ తేడాయే అయితే ఇంటి దగ్గరే పరీక్ష చెయ్యొచ్చు. పొద్దున్నే, ట్రైపాడ్ మీద, స్టెబిలైజేషన్ ఆపి, 10 మీటర్ల దూరంలో గోడకి న్యూస్‌పేపర్ అంటించండి. వ్యూఫైండర్‌తో పది, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ చూస్తూ) పది తియ్యండి, ప్రతిసారీ ఫోకస్ రింగ్ చెదరగొట్టి మళ్ళీ ఫోకస్ చేస్తూ. లైవ్ వ్యూ ఫోకస్‌ని సెన్సర్ మీదే చూస్తుంది కాబట్టి అది ప్రమాణం. అక్కడ అక్షరాలు స్పష్టంగా ఉండి వ్యూఫైండర్‌తో తీసినవి మసకైతేనే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఫోకస్ తేడాని కెమెరాలోనే సరిచేసే సెట్టింగు) జోలికి వెళ్ళండి. కెమెరాలో లెన్స్ మొత్తానికి ఒకే విలువ పెట్టగలం. సిగ్మా యూఎస్‌బీ డాక్ (లెన్స్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరం) ఉంటే నాలుగు ఫోకల్ లెంగ్తులకి, ఒక్కోదానికి నాలుగు దూరాల్లో, మొత్తం 16 విలువలు సరిచెయ్యొచ్చు. రెండూ మసకైతే ముందు లెన్స్ మీద 95 ఎమ్ఎమ్ యూవీ ఫిల్టర్ (ముందు బిగించే అద్దం) ఉంటే తీసి చూడండి. చౌక ఫిల్టర్ 600 దగ్గర చేసే నాశనం ఇంతా అంతా కాదు.

సెట్టింగులు: నడిచే పక్షికి 1/1250, ఎగిరే మీసాల టెర్న్‌లకి 1/2500కి తగ్గకుండా. ఎఫ్/8. నిండు ఎండలో 1/2000, ఎఫ్/8కి ఐఎస్ఓ 500 సరిపోతుంది. సూర్యోదయమైన మొదటి గంటలో వెలుగు రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) తక్కువ, కాబట్టి ఐఎస్ఓ 2000 నుంచి 4000 దాకా పోతుంది, పోనివ్వండి. గ్రెయిన్ తరవాత తగ్గించుకోవచ్చు, షేక్‌ని ఎవరూ తియ్యలేరు. 15 మీటర్ల దగ్గర ఎఫ్/8లో ఫోకస్ లోతు 20 సెంటీమీటర్లే. బాతు పక్కకి తిరిగి ఉన్నప్పుడు తీస్తే ముక్కు నుంచి తోకదాకా అందులో పడుతుంది, ఎదురుగా వస్తుంటే కన్ను మీద పెట్టి మిగతాది వదిలేయాలి. ఫోకస్ లిమిటర్‌ని (ఫోకస్ వెతికే దూరాన్ని కుదించే స్విచ్) 10 మీటర్లు–అనంతం వైపు నెట్టండి. లేకపోతే తుంగ అడ్డొచ్చిన ప్రతిసారీ లెన్స్ చివరిదాకా పోయి వస్తుంది. సింగిల్ పాయింట్ నిలబడ్డ పక్షికి మంచిదే, ఎగిరేదానికి గ్రూప్ ఏరియా (కొన్ని పాయింట్లు కలిపి వాడే ఫోకస్ మోడ్).

తెల్లకొంగ విషయం: వెనక నల్లటి నీళ్ళుంటే కెమెరా సీన్ మొత్తాన్ని చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 పెట్టండి, లేదా మీ కెమెరాలో ఉన్న హైలైట్-వెయిటెడ్ మీటరింగ్ (తెలుపు కొట్టుకుపోకుండా వెలుగు కొలిచే పద్ధతి) వాడండి. అదే కొంగ తెల్లటి ఆకాశంలోకి ఎగిరితే లెక్క తిరగబడుతుంది, ప్లస్ 0.7 కావాలి. ఎండ నిలకడగా ఉన్న రోజు మాన్యువల్‌లో పెట్టేసుకుంటే ఈ తిప్పలే ఉండవు.

జవాబు (రంభ)

పైన చెప్పినదానికి పడవ సంగతి కలుపుతాను, మంగళాజోడిలో సగం ఫొటో పడవవాడి చేతిలోనే ఉంది.

అక్కడ మోటారు లేదు, వెదురు గెడ వేసి నడిపే పడవలు. నడిపేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన కుటుంబాలవాళ్ళు, ఇప్పుడు కాపలా కాస్తున్నది వాళ్ళే. ఏ మడుగులో ఏది మేస్తుందో వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు. కాబట్టి "దగ్గరికి పోనీ, దగ్గరికి పోనీ" అని తొందరపెట్టకండి. ఎక్కే ముందే రెండు ముక్కలు చెప్పండి. ఒకటి, పక్షుల గుంపుని దాటించి ముందు తూర్పు వైపు తీసుకెళ్ళమనండి. అప్పుడు ఎండ మీ వీపు మీద, పక్షులు పడమర వైపు ఉంటాయి. రెండు, తిన్నగా గుంపు మీదకి కాకుండా పక్కవాటుగా పోనిచ్చి, 30 మీటర్ల దగ్గర గెడ ఆపేసి పడవని దానంతట అది జారనివ్వమనండి.

బాతులు మేత ఆపి మెడలు నిట్టనిలువుగా ఎత్తాయంటే అది హద్దు. అక్కడే ఆగి రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉంటే మళ్ళీ తలలు దించుతాయి. దించకపోతే వెనక్కి రావాలి. ఎగరగొట్టి తీసిన గుంపు ఫొటోలో అన్నీ తోకలే ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పిట్ట తిని కూడబెట్టుకోవాల్సిన బలం మన ఫొటో కోసం ఖర్చవుతుంది.

ట్రైపాడ్ పడవలో పనికిరాదు, పడవ కదలికంతా కాళ్ళలోంచి నేరుగా కెమెరాకి ఎక్కుతుంది. బీన్ బ్యాగ్ (లెన్స్ ఆనించే మెత్తటి సంచి) కుట్టించుకోండి. మందపాటి కాటన్ గుడ్డ, లోపల ప్లాస్టిక్ సంచి, అందులో రెండు కిలోల బియ్యం. నిండా కుక్కకండి, మూడొంతులు నింపితేనే లెన్స్ అందులో కూర్చుంటుంది. లోపలి సంచి లేకపోతే తడిసి బియ్యం ఉబ్బి ముక్కిపోతుంది. పడవ అంచు మీద అది వేసి, లెన్స్ ఆనించి, పక్షి కంటి ఎత్తుకి వీలైనంత కిందికి వంగండి. లైఫ్ జాకెట్ విప్పొద్దు.

స్టెబిలైజేషన్ మోడ్ 1లో ఉంచితే వ్యూఫైండర్‌లో బొమ్మ నిలబడుతుంది, ఫోకస్ పాయింట్ కంటి మీద పెట్టడం తేలికవుతుంది. ఎగిరేదాన్ని పక్కకి వెంబడిస్తుంటే మోడ్ 2.

బరంపురం నుంచి ఏసీ వేసుకుని రాకండి, లేదా కెమెరా సంచి డిక్కీలో పెట్టండి. చల్లబడిన లెన్స్‌ని చిల్కా తేమగాలిలోకి తియ్యగానే ముందు అద్దం మీద ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్ళీ పడుతుంది. దిగడానికి అరగంట ముందు ఏసీ ఆపి కిటికీలు దించండి. ఆ ఆవిరి పోయాక కూడా లెన్స్, బయటిగాలి ఒకే వేడికి వచ్చేదాకా పొడవాటి హుడ్ (లెన్స్ ముందు బిగించే గొట్టం) లోపల గాలి వణుకుతుంది. ఆ కాసేపు హుడ్ తీసి వాడండి.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యదాకా మంచి కాలం. ఆరు గంటలకల్లా పడవలో ఉండాలి, 8:30కి కెమెరా సంచిలో పెట్టేసినా నష్టం లేదు. సాయంత్రం నాలుగు తర్వాత మళ్ళీ. చిల్కాలోని నలబన దీవి వేరే సంగతి. 1987 నుంచి అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కావాలి, పడవల్ని దగ్గరికి పోనివ్వరు. ఫ్లెమింగోలు, పట్టీతల బాతుల్ని దూరం నుంచే, సరస్సుతో కలిపి వెడల్పుగా తీసుకోండి.

జవాబు (ఇచ్ఛాపురం)

తేలుకుంచి గురించి. నత్తగుల్ల కొంగలు (ఓపెన్‌బిల్) తొలకరితో వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ముందు ఊళ్ళో పెద్దవాళ్ళనెవరినైనా అడిగి, ఎక్కడ నిలబడితే ఇబ్బంది లేదో తెలుసుకుని అక్కడే ఉండండి.

గూటి కింద నిలబడి పైకి తీస్తే పొట్టలూ కొమ్మలే వస్తాయి. చెట్టుకి 30, 40 మీటర్లు వెనక్కి జరిగితే కోణం తగ్గి గూడు లోపల కనిపిస్తుంది. ఇక్కడ దూరమే మేలు. గుడ్లు, పసిపిల్లలు ఉన్నప్పుడు తల్లి లేచిపోతే మిట్ట మధ్యాహ్నం ఎండకి పిల్లలు తాళలేవు, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. కాబట్టి ఎండవేళ గూటి జోలికి పోవద్దు. ఫ్లాష్ వద్దు, డ్రోన్ అసలే వద్దు, అడ్డొచ్చిన కొమ్మ విరవొద్దు. గుడ్లనీ గూళ్ళనీ చెదరగొట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది.

గూళ్ళకన్నా మంచి బొమ్మ పొలాల్లో దొరుకుతుంది. నాట్లు వేసిన మడిలో కొంగ నత్తని పట్టి గుల్లలోంచి మాంసం లాగే క్షణం కోసం గట్టు మీద కూర్చోండి. ముక్కు పై, కింది భాగాల మధ్య ఉండే సందు కనపడాలంటే పక్షి సరిగ్గా పక్కకి తిరగాలి, వెనక పచ్చటి మడి ఉండాలి. 1/1600, వరస ఫ్రేములు.

జవాబు (జయపురం)

దేవ్‌మాలి 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు. అక్టోబర్, నవంబర్‌లో వానలు వెనకబట్టాక లోయల్లో మంచు నిండే రోజులు చూసుకోండి. సూర్యోదయానికి 45 నిమిషాల ముందే ట్రైపాడ్ నిలబెట్టాలి. వైడ్ లెన్స్ ఒక్కటే తెచ్చుకుంటారు చాలామంది. నన్నడిగితే 70-200 లాంటిదే అక్కడ ఎక్కువ పని చేస్తుంది, కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి పొరలుగా పడేది దాంతోనే. ఎఫ్/11, ఐఎస్ఓ 100, రెండు స్టాపుల తేడాతో మూడు ఫ్రేముల బ్రాకెట్ (ఒకే దృశ్యం వేర్వేరు వెలుగుల్లో). కొండ మీద గాలి గట్టిగా వీస్తుంది, ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపొద్దు, సంచి కింద వేలాడదీస్తే అది నేలకి ఆనేలా కట్టండి, ఊగితే మొదటికే మోసం. వైడ్ లెన్స్ మీద పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) వాడితే ఆకాశం ఒకపక్క ముదురు, ఒకపక్క లేతగా వస్తుంది.

డుడుమాకి పోలరైజర్ తప్పనిసరి, తడిరాళ్ళ మెరుపు పోయి రంగు వస్తుంది. 1/60 వచ్చేచోట ఆరు స్టాపుల ఎన్‌డీ (వెలుగు తగ్గించే ముదురు ఫిల్టర్) వేస్తే దాదాపు ఒక సెకను. ధార మరీ పాలపొరలా కావొద్దనుకుంటే పావు సెకను దగ్గర ఆగండి. తుంపర నిమిషంలో అద్దం నింపేస్తుంది, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య గుడ్డతో తుడవాలి.

జవాబు (రాయగడ)

మసాయి మారాకి సామాను గురించి. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి మారా వెళ్ళే చిన్న విమానాల్లో చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ చక్రాల్లేని మెత్తటి సంచిలో. మీ లెన్స్ ఒక్కటే రెండు కిలోలకి కాస్త తక్కువ. బీన్ బ్యాగ్ ఖాళీగా తీసుకెళ్ళి అక్కడ బియ్యమో బీన్సో పోయించుకోండి. జీపు పైకప్పు అంచు మీద అదే కావాలి, తీసేటప్పుడు ఇంజన్ ఆపించాలి.

విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో వెయ్యకూడదు, చేతిసంచిలోనే, కొసలకి టేపు అంటించి. 100 వాట్-అవర్ల లోపువి మామూలుగా అనుమతిస్తారు, మీ కెమెరా బ్యాటరీ 14 మాత్రమే. మన ఎయిర్‌పోర్ట్‌లో బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర కెమెరా, లెన్స్ సీరియల్ నంబర్లు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, బిల్లుల నకళ్ళు పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఇవి అక్కడ కొన్నవి కావని చూపించడానికి అదే ఆధారం. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, వానకి కెమెరా మీద పాలిథిన్ కవరు కప్పే అలవాటుంటే మానేసి గుడ్డ రెయిన్ కవర్ కొనుక్కోండి. ప్లగ్ అక్కడ చదరపు మూడు పిన్నులది. డ్రోన్ ఇంటి దగ్గరే వదిలెయ్యండి.

ప్రశ్న (బరంపురం)

వివరంగా రాశారు, అందరికీ కృతజ్ఞతలు. పడవ దిగాక ఆ ఉప్పుతేమకి లెన్స్‌ని ఎలా దాచాలి? బరంపురంలో వానాకాలం బీరువాలో బూజు పడుతుందని భయం.

జవాబు (ఛత్రపురం)

బీరువాలో, తోలు సంచిలో పెట్టొద్దు. దిగిన రోజే మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో లెన్స్ గొట్టం, మౌంట్ చుట్టూ, ట్రైపాడ్ కాలర్ తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవండి. అద్దాన్ని ముందు బ్లోయర్‌తో ఊది తరవాతే గుడ్డ పెట్టాలి, ఉప్పు రేణువు గీత పెడుతుంది. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున అర కిలో సిలికా జెల్, లోపల చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది). తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 30కి దిగిపోతే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి, 60 దాటితే బూజు మొదలవుతుంది. జెల్ రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లారాకే డబ్బాలో పొయ్యండి.