కంబాలకొండలో విద్యార్థి ట్రెక్కింగు క్లబ్బులకు ఏడాది అనుమతి ఇవ్వాలా?

మాధవధార_మాస్టారు
డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. ప్రతి కళాశాలలోనూ ఒక ట్రెక్కింగు క్లబ్బు ఉండాలి, నెలకొకసారైనా పిల్లలను కంబాలకొండకో తొట్లకొండకో నడిపించాలి. ఒక పక్క సముద్రం, మరో పక్క తూర్పు కనుమలు ఉన్న మన విశాఖలో పెరిగి, కొండ అంటే కైలాసగిరి రోప్‌వే తప్ప తెలియనివాళ్లే నా తరగతి నిండా. కంబాలకొండ దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, రహదారి పక్కనే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విరిచేసిన అడవి మళ్లీ ఎలా చిగురించిందో నల్లబల్ల మీద చూపించలేను. మన కొండల్లో ఉండే ఖోండలైటు రాయిని ఎండకు తిప్పితే ఎర్రటి గార్నెట్ గింజలు మెరుస్తాయి. అది ఒకసారి చూసినవాడికి పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. ప్రతిసారీ దరఖాస్తు పెట్టించకుండా అటవీ శాఖ క్లబ్బులకు ఏడాదికి ఒకే అనుమతి ఇవ్వాలి.

మర్రిపాలెం_అమ్మ
ఎంతమంది పిల్లలకు ఒక పెద్దవారు ఉంటారు? ముందు అది చెప్పండి మాస్టారూ.

మాధవధార_మాస్టారు
ఇరవై మందికి ఒకరు చాలమ్మా. వాళ్లు డిగ్రీ పిల్లలు.

మర్రిపాలెం_అమ్మ
చాలదు. మా అబ్బాయిని ఒక క్లబ్బు అనంతగిరి వైపు జలపాతానికి తీసుకెళ్లింది. నలభై మందికి ఒక్క కుర్రవాడు. నాచు రాయి మీద జారి మడమ వాచిపోతే, ఆ కాలితోనే కిందికి దింపారు. అర్ధరాత్రి దాకా ఎవరూ ఫోను ఎత్తలేదు. కంబాలకొండలో నాగుపాములు, రక్తపింజరలు, చిరుతలు ఉన్నాయి. పది మందికి ఒకరు లేకపోతే నేను సంతకం పెట్టను.

భీమిలి_రోడ్డు
ఎర్రమట్టి దిబ్బల జోలికి మాత్రం గుంపులుగా వెళ్లకండి. వాననీటికే కోసుకుపోయే మట్టి అది.

మాధవధార_మాస్టారు
పది మందికి ఒకరంటే ఏ కళాశాలా అధ్యాపకులను పంపలేదు. క్లబ్బే మూతపడుతుంది. భయపెట్టి ఇంట్లో కూర్చోబెడితే పిల్లలు బలపడతారా?

మర్రిపాలెం_అమ్మ
ఇంట్లో కూర్చోబెట్టమని నేను అనలేదు. నా మాటలకు లేని అర్థం తీయకండి.

అడవి_అంచు
ఇరవయ్యా, పదా అని మీరిద్దరూ తగవు పడుతున్నారు. మా ఇల్లు ఆ కొండ అంచునే. మా నాయనమ్మ ఎండు పుల్లలు ఏరి, తీగతో మోపు కట్టి, చుట్టకుదురు మీద పెట్టుకుని దిగేది. ఇప్పుడు మా అమ్మ కంచె దాటితే కేకలేస్తారు. ఒకసారి కత్తి లాక్కున్నారు. సీతాఫలాలు కోసినందుకు మా తమ్ముణ్ణి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. మీకు మాత్రం ఏడాది అనుమతి కావాలి.

మాధవధార_మాస్టారు
బాబూ, చట్టం నేను రాయలేదు. 1972 వన్యప్రాణి చట్టంలో అధ్యయనానికీ పర్యాటకానికీ అనుమతి పొందే వీలుంది. కట్టెలు కొట్టడం వేరు.

అడవి_అంచు
కొట్టడం అని ఎవరన్నారు? ఏరడం అన్నాను. ఎండు పుల్ల ఏరితే నేరం, బూట్లు వేసుకుని వంద మంది తొక్కితే చదువా? ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ బండ కింద పాము ఉంటుందో మా ఊరి పెద్దలకు తెలుసు. మీ క్లబ్బు వాళ్లలో ఒక్కరినైనా అడిగిందా?

గాజువాక_వాసు
ఈయన అడిగినదానికి జవాబు చెప్పండి మాస్టారూ.

మాధవధార_మాస్టారు
అడగలేదు. అడగాలని అనుకున్నా, కూలి ఇచ్చే పద్దు కళాశాల దగ్గర లేదు. బస్సుకే చందాలు వేసుకుంటున్నాం.

అడవి_అంచు
బస్సుకు దొరికిన చందా మనిషికి దొరకదా? నేను క్లబ్బులు వద్దనడం లేదు. మా ఊరివాళ్లను దారి చూపడానికి పెట్టుకోండి, రోజు కూలి ఇవ్వండి. మీ దరఖాస్తులోనే మాకు పుల్లలు ఏరుకునే అనుమతీ అడగండి. మా ప్రభుత్వ బడి పిల్లలనూ కలుపుకోండి. వాళ్ల ఇంటి వెనక కొండకు వాళ్లు టికెట్టు కొనుక్కుని వెళ్లాలా?

మాధవధార_మాస్టారు
బడి పిల్లల సంగతి నా చేతిలో ఉంది, తప్పక తీసుకెళతాను. కూలి గురించి ప్రిన్సిపాలును అడుగుతాను. కానీ పుల్లల అనుమతిని, విద్యార్థుల అనుమతిని ఒకే దరఖాస్తులో కలపను. కలిపితే రెండూ పోతాయి.

అడవి_అంచు
కలపకపోతే మాది ఎప్పటికీ రాదు. మా ఊరి సంతకాలు లేకుండా మీ దరఖాస్తు వెళితే, వద్దని రాసి ఇచ్చేది మేమే.

మర్రిపాలెం_అమ్మ
మాస్టారూ, ఊరి మనిషి తోడుంటే ఇరవై మందికి ఇద్దరు, అంటే పది మందికి ఒక పెద్దవారు అవుతారు. అప్పుడు నేను సంతకం పెడతాను. దరఖాస్తులో ముందు ఆ మాట రాయండి.