కోడింగ్ రాని వాడుకరి లిబ్రే ఆఫీస్‌కు ఏ విధంగా తోడ్పడగలరు?

ప్రశ్న:
నమస్కారం. మా అపార్టుమెంటు సంఘం లెక్కలు, నోటీసులు ఎనిమిదేళ్లుగా లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోనే తయారు చేస్తున్నాను. రూపాయి ఖర్చు లేకుండా ఇంతకాలం వాడుకున్నాను కాబట్టి నా వంతుగా ఏదైనా చేయాలని ఉంది కాని, నాకు ప్రోగ్రామింగ్ రాదు. ఇటీవల ఒక ఫాంటులో ‘రాష్ట్రం’ అని టైపు చేస్తే ట ఒత్తు, ర ఒత్తు ఒకదానిపై ఒకటి పడి అలుక్కుపోయినట్లు కనిపిస్తున్నాయి. ఇటువంటిది తెలియజేయడం సహాయం కిందికి వస్తుందా, లేక పని తెలిసినవారి సమయం వృథా చేసినట్లవుతుందా? లిబ్రే ఆఫీస్ తెలుగు అనువాదంలో చేరమని ఒక మిత్రుడు కూడా అంటున్నారు.

జవాబు 1:
తప్పకుండా సహాయమేనండి. తెలుగు చదవలేని ప్రోగ్రామర్‌కు అది లోపమో, ఆ అక్షరం అసలు రూపమే అదో తెలిసే అవకాశం లేదు. అయితే, రాసే ముందు తప్పు ఎక్కడుందో కొంత తేల్చుకోండి. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి లిబ్రే ఆఫీస్ అన్ని సిస్టమ్‌లలోనూ అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీనే (వేర్వేరు ప్రోగ్రాములు వాడుకునే కోడ్) వాడుతోంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోనూ అదే ఉంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో తెలుగుకు మీ ఫాంటునే ఎంచుకొని, పేజీలు సొంత ఫాంట్లు వాడకుండా ఆపి, అదే పదం చూడండి. అక్కడా అలాగే ఉండి, వేరే ఫాంటులో సరిగా వస్తే, లోపం చాలావరకు ఫాంటుదే అనుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో బాగుంటే లోపాలను నమోదు చేసే సైటైన లిబ్రే ఆఫీస్ బగ్‌జిల్లాలో రాయండి. ‘అబౌట్’ పెట్టెలోని వెర్షన్ వివరాలు, ఫాంటు పేరు, ఆ ఒక్క పదమే ఉన్న చిన్న ఫైలు, స్క్రీన్‌షాట్ జతచేయండి. సంఘం నోటీసు మొత్తం పెట్టవద్దు, అందులో ఇరుగుపొరుగువారి వివరాలు ఉంటాయి.

జవాబు 2:
మీ మిత్రుని మాటా బాగుంది. అనువాదం వెబ్‌లేట్ అనే సైటులో జరుగుతుంది, బ్రౌజరు ఉంటే చాలు. మూలవాక్యంలో %PRODUCTNAME వంటి గుర్తులుంటే వాటిని ఉన్నవి ఉన్నట్లే ఉంచాలి. అనువదిస్తే ప్రోగ్రాము వాటిని గుర్తుపట్టలేదు. ‘ఫైల్’ అనాలా ‘దస్త్రం’ అనాలా అన్న వాదన ఎప్పటికీ తెగేది కాదు. నా మటుకు ‘ఫైల్’ అనే అంటాను. కాని మెనూలో ఇప్పటికే ‘దస్త్రం’ ఉంటే మీరూ అదే వాడండి, ఒకే తెరపై రెండు మాటలుంటే వాడేవారు తికమకపడతారు.

జవాబు 3:
ఎవరూ చెప్పని పని ఇంకొకటి ఉంది. బగ్‌జిల్లాలో ఇతరులు రాసిన లోపాలు ‘అన్‌కన్ఫర్మ్‌డ్’ (ఇంకా నిర్ధారణ కాని) స్థితిలో పేరుకుపోయి ఉంటాయి. వారు చెప్పిన వరుస ప్రకారం మీ కంప్యూటరులో చేసి చూసి, అదే లోపం కనిపిస్తే మీ వెర్షన్ రాసి, దాని స్థితిని ‘న్యూ’కు (నిర్ధారణ అయినట్లు) మార్చవచ్చు. మీ సొంత రిపోర్టును మాత్రం మరొకరే నిర్ధారించాలి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్లే చూశాను. ఫైర్‌ఫాక్స్‌లోనూ ఒత్తులు అలాగే పడుతున్నాయి, మండలి ఫాంటులో మాత్రం రెండుచోట్లా సరిగానే ఉన్నాయి. కాబట్టి బగ్‌జిల్లాకు వెళ్లకుండా ఆ ఫాంటు తయారుచేసినవారికే రాస్తున్నాను. ఈ ఆదివారం అన్‌కన్ఫర్మ్‌డ్ జాబితాలో కాల్క్‌కు (లిబ్రే ఆఫీస్‌లోని లెక్కల షీట్ల ప్రోగ్రాము) సంబంధించినవి చూస్తాను, లెక్కల షీట్లయితే నాకు కాస్త అలవాటు.