పాత ఏసీలో ఆర్-22 నింపించాలా, ఏసీయే మార్చేయాలా?

బెజవాడ ఎండ:
మాది పాత 1.5 టన్ను స్ప్లిట్ ఏసీ. ఏటా వేసవి మొదట్లో అందులోని చల్లబరిచే గ్యాస్ (ఆర్-22) అయిపోతుంది, మెకానిక్ వచ్చి నింపి వెళ్తాడు. ఈసారేమో "ఆర్-22 బంద్ అవుతోంది సార్, కొత్తది కొనుక్కోండి" అంటున్నాడు. ఓజోన్ గొడవ ఎప్పుడో తీరిపోయింది కదా! నిజమేనా, లేక అమ్ముకోవడానికి చెప్తున్నాడా?

కంప్రెసర్ బాబాయ్:
సగం నిజమండీ. 2025 జనవరి 1 నుంచి ఆర్-22తో కొత్త ఏసీలు తయారు చేయకూడదు. పాతవాటి సర్వీసింగ్‌కి గ్యాస్ ఇంకా దొరుకుతుంది, 2030 దాటాక మాత్రం నామమాత్రమే.

కానీ ఏసీలో గ్యాస్ "అయిపోవడానికి" అదేమన్నా బండిలో పెట్రోలా? తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర ఇత్తడి నట్లు చూడండి. జిడ్డుగా నూనె మరక ఉంటే అక్కడే అనుమానం. సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. చాలాసార్లు పైపు చివర కోసి, మళ్లీ అంచు వెడల్పు చేసి (ఫ్లేర్) బిగిస్తే సరిపోతుంది. ఏటా నింపే వాడికి ఆ పని గిట్టదు, అది వేరే సంగతి.

కారిన కిలో ఆర్-22 వందేళ్ల లెక్కన సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పైగా క్లోరిన్ ఉంది కాబట్టి ఓజోన్‌కీ దెబ్బే. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోదు, భూమిని మాత్రం ఇంకా ఎక్కువ వేడెక్కిస్తుంది. అందుకే ఇలాంటి గ్యాసుల్ని తగ్గించాలని 2016లో ఓజోన్ ఒప్పందానికి (మాంట్రియల్ ప్రోటోకాల్) కిగాలీ సవరణ వచ్చింది.

పర్యావరణం పీజీ:
దాని ప్రకారం మన దేశం ఆర్-410ఏ లాంటి ఈ హెచ్ఎఫ్‌సీ గ్యాసుల వాడకాన్ని 2028లో కట్టడి చేసి, 2032 నుంచి తగ్గిస్తూ 2047కల్లా 85% కోత పెట్టాలి. ప్లానింగ్ బాగానే ఉంది కదా బాబాయ్?

కంప్రెసర్ బాబాయ్:
కాగితం మీద బాగుందమ్మా. ఆ లెక్కంతా ఎంత తయారైంది, ఎంత దిగుమతైంది అన్నదాని మీదే. ఇప్పటికే గోడలకు వేలాడుతున్న ఏసీల్లో గ్యాస్ సంగతేంటి? దాన్ని పట్టాలంటే రికవరీ మెషీన్, ఖాళీ సిలిండర్ మోసుకెళ్లాలి, గంట పని. పైసా ఎవరిస్తారు? పాత సామాన్ల వాడు పైపు కోస్తాడు, బుస్సుమని పోతుంది. పట్టి తెచ్చిన కిలోకి ఇంతని మెకానిక్ చేతిలో పెడితే రేపట్నుంచి ఎవడూ వదలడు.

బెజవాడ ఎండ:
ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేస్తే?

కంప్రెసర్ బాబాయ్:
ముందు లీకు చూపించండి. ఇచ్చేదే అయితే, ఏసీ నడుస్తుండగానే పంప్‌డౌన్ చేసి తీయమనండి. గ్యాస్ అవుట్‌డోర్ యూనిట్‌లోకి చేరాక వాల్వులు మూసేస్తారు. కొత్తది ఆర్-32 అయితే పర్లేదు, దాని లెక్క కిలోకి 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ దగ్గరే. ఆర్-290 ఇంకా మంచిది గానీ అది ప్రొపేన్, మండుతుంది. తెలిసినవాడితోనే బిగించుకోండి.