ఫిలిపినో అరిగి మార్షలీస్ అయిందా?

విశాఖ_సెయిలర్: పదకొండేళ్లుగా ఓడల మీద ఉన్నాను. ఓడ వెనక మార్షల్ దీవుల రాజధాని ‘మజురో’ పేరు, పైన ఆ దేశం జెండా, లోపల సగం మంది ఫిలిపినోలు. ఫిలిపినో, ఆ దీవుల మార్షలీస్, రెండు భాషల మాటలూ పక్కపక్కన రాసుకున్నా. కన్ను: మతా, మాజ్. మూడు: తత్లో, జిలు. అయిదు: లిమా, లాలెమ్. ఫిలిపినోనే అరిగి మార్షలీస్ అయిందనడానికి ఇంకేం కావాలి?

ఉదయ్_తెనాలి: రెండూ ఆస్ట్రోనేషియన్ అనే భాషా కుటుంబానివేనండీ. కానీ ఒకదాని కడుపున ఇంకొకటి పుట్టలేదు. మార్షలీస్‌ది అందులో ఓషియానిక్ అనే పసిఫిక్ దీవుల శాఖ. ఫిలిపినోకి పునాది టగాలోగ్, 1937లో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు కేజోన్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం అది.

విశాఖ_సెయిలర్: శాఖలు పక్కన పెట్టండి. లిమా, లాలెమ్ ఒకటా కాదా?

పావని: మన ‘మనం, మేము’ తేడా రెంటిలోనూ ఉంది. ఫిలిపినోలో తాయో, కమి.

ఉదయ్_తెనాలి: క్రియలు చూడండి. ఫిలిపినోలో తిన్నవాడి మీద దృష్టి ఉంటే ‘కుమాయిన్’, తిన్న వస్తువు మీద ఉంటే ‘కినాయిన్’. మార్షలీస్‌లో ఈ ఏర్పాటే లేదు.

విశాఖ_సెయిలర్: నేననేదీ అదే, పోగొట్టుకుంది! సుమారు 40 వేల జనం ఉన్న దీవుల యాస అది. అయినా భాష నేర్చుకుని ఏం లాభం? మా బోసన్‌ది (డెక్ మేస్త్రీది) ఫిలిప్పీన్స్‌లోని సెబూ. టగాలోగ్‌లో ఆప్యాయంగా పలకరిస్తే మొహం తిప్పుకున్నాడు.

ఉట్నూరు_అమ్మాయి: అన్నా, ఆయన ఎందుకు తిప్పుకున్నాడో నాకు తెలుసు. ఆయన అమ్మ భాష సెబువానో. దాన్నీ ఎవరో యాస అనే ఉంటారు. బళ్ళో గోండి మాట్లాడానని మా సారు ‘చెడిపోయిన తెలుగు’ అంటూ నన్ను బెంచీ ఎక్కించారు. చేతిని మేం ‘కయ్’ అంటాం, తమిళులు ‘కై’ అంటారు. ‘క’ని ‘చ’ చేసుకుని ‘చెయ్యి’ అన్నది తెలుగే. మరి చెడింది ఎవరిది?

ఉదయ్_తెనాలి: ఫిలిపినో, మార్షలీస్ విషయంలోనూ అంతే. మూడుకి ఆ రెంటి పాత రూపం ‘తెలు’. తత్లోలో ముందున్న ‘త’ తర్వాత చేరింది. జిలులో అది లేదు.

విశాఖ_సెయిలర్: చెల్లీ, మీ సారు చేసింది తప్పు. అరిగిందన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. యాస అన్నది మాత్రం జనం లెక్క చూసే అన్నాను.

ఉట్నూరు_అమ్మాయి: మార్షలీస్ ఒక దేశానికి అధికార భాష. మా సారూ లెక్కే చూశారన్నా. క్లాసులో గోండి పిల్లలం నలుగురమే.