'కాళ్ళా గజ్జా కంకాళమ్మ': పుస్తకంలో ఏది వేయాలి?

రాయగడ నుంచి:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఒడిశాలోని తెలుగు కుటుంబాల పిల్లల కోసం ఆటపాటల చిన్న పుస్తకం వేస్తున్నాం. 'కాళ్ళా గజ్జా కంకాళమ్మ' దగ్గర కమిటీలో పేచీ వచ్చింది. ఇది గజ్జికి మందు చెప్పే పాట అనీ, కంకోళం అనే మందు మొక్క, వెలగ, మోదుగ, నిమ్మ వరసగా వాడమని దాని అర్థమనీ వాట్సాప్‌లో మెసేజ్ తిరుగుతోంది కదా. దాన్ని బట్టి 'గజ్జి', 'కంకోళం' అని దిద్ది వేద్దామని కొందరి పట్టు. బరంపురంలో జానపద విజ్ఞానంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి ఈ గ్రూపులోనే ఉంది. నువ్వేమంటావమ్మా?

బరంపురం నుంచి:
మాస్టారూ, దయచేసి దిద్దకండి. ముందు పాటను ఒకసారి పైకి చదవండి.

కాళ్ళా గజ్జా కంకాళమ్మ
వేగుల చుక్కా వెలగా మొగ్గ
మొగ్గా కాదు మోదుగ నీడ
నీడా కాదు నిమ్మల బావి
బావీ కాదు బసవన్న కోడి

ప్రతి పాదంలో మొదటి మాటా మూడో మాటా ఒకే హల్లుతో మొదలవుతున్నాయి చూడండి. కాళ్ళా-కంకాళమ్మ, వేగుల-వెలగా, మొగ్గా-మోదుగ, నీడా-నిమ్మల, బావీ-బసవన్న. మూడో పాదం నుంచి, పై పాదం ఏ మాటతో ఆగిందో కింది పాదం ఆ మాటతోనే ఎత్తుకుంటుంది. దీన్నే ఆలంకారికులు ముక్తపదగ్రస్తం అన్నారు. మోదుగ ఇక్కడికి వచ్చింది 'మొ'కి 'మో' కలవాలని. పిల్లలు కాళ్ళు చాపి వరసగా కూర్చుంటే మాటకో కాలు తడుతూ పోతాం, ఆ తట్టుకి సరిపోయే మాట కావాలి. 'కంకోళం' అన్నా 'క' కుదురుతుంది, నిజమే. మరి మందుల లెక్కలో వేగుచుక్కకీ బసవన్న కోడికీ చోటెక్కడ? కంకాళమ్మ పేరుతో మనకు గ్రామదేవతలున్నారు, ఆ పేరును మందు మొక్క చేయాల్సిన అవసరం కనిపించదు.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. గజ్జి ఒక సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది. డాక్టరు ఇచ్చిన మందు ఇంట్లో వాళ్ళందరూ ఒకేసారి వాడాలి. పిల్లల పుస్తకంలో ఆకుల వైద్యం అచ్చయితే ఎవరో ఒకరు పసిపిల్లల ఒంటి మీద ప్రయత్నిస్తారు.

గుణుపురం నుంచి:
మా అమ్మమ్మ 'బావీ కాదు బసివీ కూటి, కూటీ కాదు గుమ్మడి పండు, పండూ కాదు పాపడ మీసం' అనేది. ఏది అసలుది? పైగా మీ చదువుల్లోనే జానపదం ఎప్పటికప్పుడు మారుతుందంటారు కదా. మారేదే అయితే కమిటీ మారిస్తే తప్పేంటి?

బరంపురం నుంచి:
అన్నయ్యా, చాలా మంచి ప్రశ్న.

ఒకప్పటి పండితులు పాఠాలన్నీ, అంటే ఒక్కొక్కరు పాడే రూపాలన్నీ, పోల్చి ఒక్క మూలరూపం పట్టుకోవాలని చూశారు, ఫిన్లాండులో ఆ పద్ధతి బాగా సాగింది. ఇప్పుడు మేం ఏ ఇంటి పాఠాన్ని ఆ ఇంటి పాఠంగానే రాసుకుంటాం. మీ అమ్మమ్మగారి పాఠంలో కోడి పోయి కూటి వచ్చింది, అయినా బావికి 'బ' దక్కింది, పండుకి పాపడ దొరికింది. మార్చినవాళ్ళు కట్టు తెలిసి మార్చారు.

యునెస్కో 2003 ఒప్పందం, 2005లో మన దేశమూ చేరింది, పాటలూ ఆటల్లాంటి వారసత్వాన్ని సమాజాలు నిరంతరం మళ్ళీ సృష్టించుకుంటాయనే అంటుంది. అమ్మ ఒళ్ళో ఆడిస్తూ మాట మారిస్తే అది ఆ ఇంటి పాట అవుతుంది. కమిటీ మార్చి 'అసలు పాఠం ఇదే' అని అచ్చువేస్తే మిగతా ఇళ్ళ పాటలన్నీ తప్పులైపోతాయి. మనవడు పుస్తకం చూపించి 'నీకు తప్పొచ్చు' అంటే నాయనమ్మ ఇక పాడదు. నా భయమంతా అదే. గజ్జి వివరణను కూడా పారేయకండి, అది ఈ కాలపు జానపదం. 'ఇలా ఒక కథనం ప్రచారంలో ఉంది' అని పుస్తకం చివర విడిగా రాయండి, నమ్మి వాడవద్దని పక్కనే చెప్పండి.

మన పక్క పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటి నుంచి వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో వచ్చిన ఆయన సవర భాషా గ్రంథం ఆ కష్టం మీదే నిలబడింది. నోటి మాటకు విలువ ఇవ్వడం మనకు కొత్త కాదు.

రాయగడ నుంచి:
సరేనమ్మా, నాకు నచ్చింది. మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదివేది ఒడియా. పాటలు ఒడియా లిపిలో కూడా వేయమంటున్నారు. వేయొచ్చా?

బరంపురం నుంచి:
తప్పకుండా వేయండి మాస్టారూ. కాకపోతే ఒడియా లిపిలో 'ఎ-ఏ', 'ఒ-ఓ' తేడా లేదు. మొగ్గలో 'మొ', మోదుగలో 'మో' ఒకేలా రాయాలి. పైగా ఒడియా పిల్లలు 'అ'ని కొంచెం 'ఒ'లా పలుకుతారు. అందుకే రికార్డింగు ఉండాల్సిందే. పాటకో క్యూఆర్ కోడ్ వేస్తే ఫోన్లో వినొచ్చు.

రికార్డు చేసేటప్పుడు మాటలతో ఆగిపోవద్దు. 1964లో అమెరికా జానపద పండితుడు అలన్ డండీస్ జానపదాన్ని మూడుగా చూడమన్నారు: పాఠం, పలికే తీరు, సందర్భం. పాడినవారి ఊరు, వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసుకోండి. చేతులు ఎక్కడ తట్టాయో, ఏ మాటకి కాలు మడిచారో కూడా రాయండి. మధ్యలో ఒడియా మాట దొర్లితే తీసేయకండి, అది ఈ నేల మీద పాడిన పాట. పేరు వేయొచ్చో లేదో ముందే అడగండి, రికార్డింగు కాపీ వాళ్ళింటికి ఇవ్వండి. ఈ ఒక్క పని మర్చిపోయే పరిశోధనలు చాలా ఉన్నాయి.

అన్నయ్యా, మీ అమ్మమ్మగారి పాట 'పాపడ మీసం' తర్వాత ఎలా సాగేది? మా వైపు 'మీసం కాదు మిరియాల పోతు' అంటారు. మీ పాఠం పూర్తిగా రాయండి, మాస్టారి పుస్తకంలో గుణుపురం పాఠంగా వేయవచ్చు.