క్యాంపర్‌ను లాగే పికప్‌కు పంతొమ్మిదిన్నర అంగుళాల లారీ చక్రాలు వేయించవచ్చునా?

డెంటన్ బాటసారి

అందరికీ నమస్కారం. మేము డాలస్‌కు ఉత్తరాన డెంటన్ దగ్గర ఉంటాము. నా దగ్గర 2019 నాటి రామ్ 3500 డీజిల్ పికప్ ఉంది. వెనక ఇరుసుకు జంట చక్రాలు ఉన్న రకం కాదు, పక్కకు ఒక్క చక్రమే ఉన్న రకం. దాని తొట్టిలో ఫిఫ్త్ వీల్ హిచ్ (ట్రైలర్ ముందుభాగం బరువు పికప్ వెనక ఇరుసు మీద పడేలా తగిలించే కొక్కెం) బిగించి, ఏడాదికి ఆరేడు సార్లు కుటుంబంతో క్యాంపర్ (లోపలే ఉండి పడుకోగల ట్రైలర్) లాక్కుని వెళ్తుంటాము.

పోయిన ఆగస్టులో అబిలీన్ దాటాక ఐ-20 హైవే మీద, మిట్ట మధ్యాహ్నం ఎండలో, కుడివైపు వెనక టైరు పైరబ్బరు పట్టీలా ఊడిపోయి చక్రం పైనున్న రేకును చీల్చేసింది. దేవుడి దయవల్ల బండి అదుపు తప్పలేదు గాని, వెనక సీట్లో ఉన్న పిల్లల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. టైరులో అరుగుదల సగం కూడా కాలేదు. ఆ తరువాత ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ మీద తూయిస్తే ముందు ఇరుసు మీద 4,900 పౌండ్లు, వెనక ఇరుసు మీద 7,240, క్యాంపర్ ఇరుసుల మీద 12,300 వచ్చాయి. తలుపు అంచున ఉన్న స్టిక్కర్‌లో వెనక ఇరుసు పరిమితి 7,000 అని ఉంది.

ఇప్పుడున్నవి ఎల్‌టీ (అంటే పికప్‌లకు చేసే రకం) 275/70 ఆర్ 18, లోడ్ రేంజ్ (మోసే బరువు తరగతి) ఈ టైర్లు. వాటిని తీసేసి, డెలివరీ లారీలకు వాడే పంతొమ్మిదిన్నర అంగుళాల చక్రాలు వేయిస్తే బరువు సమస్యా, టైరు పగిలే భయమూ రెండూ తీరిపోతాయని మా క్యాంప్‌గ్రౌండ్‌లో ఒకాయన గట్టిగా చెప్పారు. ఒక దుకాణంలో అడిగితే స్టెప్నీతో కలిపి ఐదు చక్రాలకు నాలుగు వేల డాలర్లకు పైగా అవుతుందన్నారు. ఇంత ఖర్చు పెట్టడం సబబేనా? పెడితే 225/70 కొలత తీసుకోవాలా, 245/70 తీసుకోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఇరుసుల ఇంజనీరు

డెంటన్ బాటసారి గారూ, పిల్లలకు ఏమీ కానందుకు సంతోషం. మీరు ముందే తూయించి అంకెలు పెట్టారు కనుక ఊహలతో పని లేకుండా మాట్లాడుకోవచ్చు. నేను మిషిగన్‌లో ఇరవై ఏళ్లుగా ఇరుసుల రంగంలో పని చేస్తున్నాను.

మొదట ఆ క్యాంప్‌గ్రౌండ్ పెద్దమనిషి మాటలో తప్పెక్కడ ఉందో చెప్తాను. వెనక ఇరుసు పరిమితి అనేది టైరు ఒక్కదాని లెక్క కాదు; ఇరుసు గొట్టం, బేరింగులు, స్ప్రింగులు, చక్రం రిమ్ము, టైరు వీటన్నిటిలో ఏది తక్కువ మోస్తుందో దాన్ని మించకుండా తయారీదారు వేసే అంకె అది. మీరు 245/70 ఆర్ 19.5, లోడ్ రేంజ్ హెచ్ టైర్లు వేయించారనుకోండి. ఒక్కొక్కటి 4,940 పౌండ్లు మోస్తుంది కనుక రెండూ కలిసి 9,880 మోస్తాయి. అయినా మీ ఇరుసు పరిమితి 7,000 గానే ఉంటుంది, స్టిక్కర్ మారదు, మీరు ఇప్పటిలాగే 240 పౌండ్లు ఎక్కువ మోపుతూనే ఉంటారు. ఫోర్డ్ సంస్థ 2015లో ఎఫ్-450 పికప్‌కు పంతొమ్మిదిన్నర అంగుళాల చక్రాలు ఇచ్చినప్పుడు చక్రాలు ఒక్కటే మార్చలేదు. ఎనిమిది నట్ల స్థానంలో పది నట్ల హబ్బులు, పెద్ద బ్రేకులు, వెడల్పాటి ముందు ఇరుసు కూడా పెట్టింది. బయటి దుకాణంలో మనం కొనేది ఆ మార్పులో ఒక్క ముక్క మాత్రమే.

అలాగని ఆ టైర్లలో గొప్పతనం లేదని కాదు. మీ ఎల్‌టీ టైరు పక్కగోడలో ఉండేవి పాలియెస్టర్ దారాలు, ఉక్కు పట్టీలు పైరబ్బరు కింద మాత్రమే ఉంటాయి. లారీ టైరులో ఒక అంచు నుంచి మరో అంచు వరకు పక్కగోడలతో సహా ఉక్కు తీగలే ఉంటాయి కనుక, బరువు పడినప్పుడు గోడ తక్కువగా వంగుతుంది, తక్కువగా వంగుతుంది కనుక తక్కువగా వేడెక్కుతుంది, పక్కగాలి కొట్టినప్పుడు బండి వెనకభాగం ఊగడం కూడా తగ్గుతుంది. టైరు పైరబ్బరు ఊడిపోవడానికి ఎక్కువసార్లు కారణం లోపల పేరుకున్న వేడే.

ఇక మీ లెక్కకు వద్దాం. ఎల్‌టీ 275/70 ఆర్ 18 లోడ్ రేంజ్ ఈ టైరు, 80 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) ఉన్నప్పుడు, 3,640 పౌండ్లు మోస్తుంది. మీ వెనక ఇరుసు 7,240ని సగం చేస్తే 3,620. అంటే మీకు మిగిలిన వెసులుబాటు టైరుకు ఇరవై పౌండ్లు, అదీ బరువు రెండు పక్కలా సరిసమానంగా పడితేనే. కుడివైపు జనరేటరో పనిముట్ల పెట్టో ఉంటే ఆ ఇరవై కూడా ఉండదు. క్యాట్ స్కేల్ ఇరుసు మొత్తాన్ని తూస్తుంది గాని ఒక్కొక్క చక్రాన్నీ విడిగా తూయదు కనుక ఈ తేడా మీ కాగితంలో కనిపించదు. ఒక ప్రశ్న: ఆ రోజు గాలి ఎప్పుడు, ఎంత పట్టించారు?

కొలతల సంగతి. మీ ఇప్పటి టైరు వ్యాసం 842 మిల్లీమీటర్లు. 245/70 ఆర్ 19.5 వ్యాసం 838 కనుక తేడా దాదాపు లేనట్టే. 225/70 వ్యాసం 810. అది వేయిస్తే స్పీడోమీటరు 75 చూపించినప్పుడు మీరు నిజంగా వెళ్లేది 72 మైళ్లే, పైగా మోసే శక్తి కూడా లోడ్ రేంజ్ జీలో 3,970 పౌండ్లే కనుక ఇప్పటి టైరు కన్నా పెరిగేది 330 మాత్రమే. వేయించి తీరాలనుకుంటే మీకు 245/70 సరైనది.

హ్యూస్టన్ హాట్‌షాట్

ఇంజనీరు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఆ పంతొమ్మిదిన్నర చక్రాలమీద తిరిగేవాడిగా నాలుగు మాటలు కలుపుతాను. నాది జంట చక్రాల పికప్. తొట్టిలోనే తగిలించే గూస్‌నెక్ ట్రైలర్ మీద యంత్రభాగాలు మోసి బతికేవాణ్ణి. నా బండికి కంపెనీ ఇచ్చిన ఎల్‌టీ 235/80 ఆర్ 17 టైర్లు జంటగా వేసినప్పుడు ఒక్కొక్కటి 2,835 పౌండ్లు మోస్తాయి. వాటి బదులు 225/70 ఆర్ 19.5 లోడ్ రేంజ్ జీ వేయించాను. జంటలో ఒక్కొక్కటి 3,750 మోస్తుంది, వ్యాసంలో తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. అంటే ఆ 225/70 కొలత మాలాంటి జంట చక్రాల బండికి చక్కగా సరిపోతుంది. పాత టైర్లు ఏడాది తిరగకుండానే అరిగిపోయేవి, ఇవి రెండో ఏడాది పూర్తి చేస్తున్నాయి.

అయితే దుకాణంవారు ముందుగా చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. పదిహేడు, పద్దెనిమిది అంగుళాల రిమ్ములో టైరు అంచు కూర్చునే చోటు ఐదు డిగ్రీల వాలుతో ఉంటే, పంతొమ్మిదిన్నర రిమ్ములో అది పదిహేను డిగ్రీలు. అందువల్ల కార్ల టైర్లు మార్చే దుకాణాల్లో చాలామంది వీటిని ముట్టుకోరు. అర్ధరాత్రి పంక్చర్ అయితే లారీ టైర్లవాడి కోసం వెతుక్కోవాలి. నా ముందు చక్రాల వణుకు పోవడానికి మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాల్సి వచ్చింది.

ఖాళీ బండితో వెళ్లినప్పుడు ఇంకో కథ. 110 పీఎస్ఐ గాలితో, తొట్టిలో ఏమీ లేకుండా హ్యూస్టన్ వంతెనల అతుకుల మీద వెళ్తే మా ఆవిడ మళ్లీ ఆ బండి ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. టైరు కంపెనీ ఇచ్చే బరువు-గాలి పట్టిక చూసి, ఖాళీగా ఉన్నప్పుడు గాలి తగ్గించుకోవాలి, అయితే పట్టికలో మొదలయ్యే అంకె కన్నా కిందికి పోకూడదు. వాన పడినప్పుడు ఖాళీ బండి వెనకభాగం జారే గుణం కూడా ఎక్కువే, ఎందుకంటే ఆ రబ్బరు మన్నిక కోసం గట్టిగా చేసినది.

వేగం గురించి కూడా చూసుకోండి. ఈ కొలతల్లో కొన్ని టైర్ల మీద ఎల్ అని ఉంటుంది, అంటే గరిష్ఠం 75 మైళ్లు. ఎమ్ అంటే 81, ఎన్ అంటే 87. పడమటి టెక్సాస్‌లో ఐ-10 మీద 80 మైళ్ల బోర్డులు చూసి ఎల్ టైర్లతో ఆ వేగానికి పోతే, వేడి భయంతో కొన్న టైరును మీరే వేడెక్కిస్తున్నట్టు.

అడాప్టర్లతో పది నట్ల లారీ చక్రాలు తగిలించుకోవద్దు. మీ ఎనిమిది నట్ల హబ్బుకే నేరుగా కూర్చునేలా చేసిన చక్రాలు దొరుకుతాయి. బిగించాక యాభై నుంచి వంద మైళ్లలోపు నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. నేను ఏడాదికి ఎనభై వేల మైళ్లు బరువుతోనే తిరుగుతాను కనుక నాకు గిట్టుబాటు అయింది. మీరు ఆరేడు ప్రయాణాలకు తిరిగేది ఐదారు వేల మైళ్లు అనుకుంటే, ఆ టైర్లు అరగకముందే వయసైపోయి పారేయాల్సి వస్తుంది. మీ స్థానంలో నేనుంటే కొనను.

లారీవారి అబ్బాయి

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో రెండు లారీలు ఉండేవి. టైరు అరిగితే కొత్తది కొనేవారు కాదు, లోపలి కేసింగ్, అంటే పైరబ్బరు కింద ఉండే టైరు చట్రం, బాగుంటే రీబటన్ చేయించేవారు, అంటే పైన కొత్త రబ్బరు వేయించేవారు. ఈ పంతొమ్మిదిన్నర టైర్లు కూడా ఆ జాతివే, కేసింగ్ బలమే వాటి అసలు విలువ, రెండు మూడు సార్లు కొత్త రబ్బరు వేయించుకునేవాళ్లకు ఆ ధర న్యాయమనిపిస్తుంది. హాట్‌షాట్ గారు చెప్పినట్టు క్యాంపర్ లాగే కుటుంబానికి ఆ విలువ చేతికి రాదు.

నేను ఉండేది కొలరాడోలో. ఇక్కడి మంచులో, ముందు చక్రాలకు వేసే నిలువు గాడుల టైరు వెనక కూడా వేసుకుని కొండ ఎక్కలేక దారి పక్కన ఆగిపోయిన పికప్‌లను చూశాను. వేయించేవారు వెనకకు, మంచుకు పనికొస్తుందని తెలిపే కొండగుర్తు ఉన్న డ్రైవ్ టైరు (ఇంజను తిప్పే చక్రాలకు చేసే రకం) తీసుకోవాలి.

బాటసారి గారూ, అడగని మాట చెప్తున్నానని అనుకోవద్దు. మీ క్యాంపర్ స్టిక్కర్ మీద గరిష్ఠ బరువు ఎంత ఉంది? పికప్ గరిష్ఠ బరువు, క్యాంపర్ గరిష్ఠ బరువు కలిపి 26,000 పౌండ్లు దాటి, క్యాంపర్ ఒక్కటే 10,000 దాటితే, సొంత వాడకానికైనా టెక్సాస్‌లో క్లాస్ ఏ లైసెన్సు కావాలి. వ్యాపార వాహనాలు నడపడానికి ఇచ్చే సీడీఎల్ లైసెన్సు కాదు, దానికి వేరుగా ఉండే మామూలు క్లాస్ ఏ. చక్రాల కన్నా ముందు అది చూసుకోండి.

డెంటన్ బాటసారి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారి ప్రశ్నకు జవాబు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ రోజు పొద్దున గాలి చూడలేదు; వెదర్‌ఫోర్డ్ దగ్గర డీజిల్ కోసం ఆగినప్పుడు, అప్పటికే గంటన్నర నడిచి వేడెక్కిన టైర్లలో 80 ఉండేలా సరిచేశాను. 80కి మించి ఉన్న టైరులోంచి గాలి తీసేసినట్టు కూడా గుర్తు.

ఇరుసుల ఇంజనీరు

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చాలామంది చేసేది అదే. టైరు మీద రాసిన 80 పీఎస్ఐ చల్లగా ఉన్నప్పటి లెక్క. నడిచాక వేడికి పీడనం పెరగడం సహజం, తయారీదారులు దాన్ని లెక్కలోకి తీసుకునే చేస్తారు; వేడి టైరులోంచి గాలి తీయకూడదు. మీరు వేడి మీద 80కి దించారు కనుక చల్లని లెక్కలో అది 70 దగ్గర ఉండి ఉంటుంది. 80 ఉన్నప్పుడే ఇరవై పౌండ్ల వెసులుబాటు ఉన్న టైరు, 70 దగ్గర తన పరిమితిని బాగా మించి మోస్తున్నట్టు లెక్క. ఆగస్టు ఎండ, ఎక్కువ బరువు, తక్కువ గాలి మూడూ కలిసి ఆ పైరబ్బరును ఊడదీశాయని నా అభిప్రాయం. క్యాంపర్‌లో మంచినీళ్ల ట్యాంకు ఎక్కడుంది, నింపుకుని వెళ్తారా?

డెంటన్ బాటసారి

ఈ శనివారం మళ్లీ తూయించి వచ్చాను. మంచినీళ్ల ట్యాంకు అరవై గ్యాలన్లది, క్యాంపర్ ఇరుసులకు ముందువైపు ఉంది. నిండితే ఐదు వందల పౌండ్లు, అందులో పెద్ద భాగం హిచ్ మీదే పడుతోంది. ఈసారి దాన్ని ఖాళీ చేసి, పికప్ తొట్టిలో కుడివైపు పెట్టుకునే జనరేటర్‌ను ఇంట్లో వదిలి వెళ్లాను. వెనక ఇరుసు 6,760 వచ్చింది. నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌లోనే పట్టుకుంటాము.

పంతొమ్మిదిన్నర చక్రాల ఆలోచన మానుకున్నాను. అదే కొలతలో కొత్త ఎల్‌టీ టైర్లు, ఒక మంచి గాలి మీటరు కొంటున్నాను. ఇకపై గాలి చూడటం పొద్దున బండి కదలకముందే. స్టిక్కర్లు కూడా చూశాను: పికప్ 12,300, క్యాంపర్ 16,000. లారీవారి అబ్బాయి గారూ, క్లాస్ ఏ పరీక్ష పుస్తకం దించుకున్నాను.

ఇరుసుల ఇంజనీరు

మంచి నిర్ణయం. టైర్లు కొనేటప్పుడు తొట్టి కింద వేలాడే స్టెప్నీని మరిచిపోవద్దు. పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు చూడండి, అవి టైరు ఎప్పుడు తయారైందో చెప్తాయి: మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం.

డెంటన్ బాటసారి

ఇప్పుడే టార్చ్ పట్టుకుని బండి కిందికి దూరి చూశాను. 3818 అని ఉంది. నాలుగు కాదు, ఐదు కొంటాను.