ఓమ్నీ ఎంపీఎఫ్‌ఐ: వేడెక్కాక స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) నిలవట్లేదు

ప్రశ్న:
మారుతి ఓమ్నీ ఎంపీఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం), 796 సీసీ, పెట్రోలు మాత్రమే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. వేడెక్కాక న్యూట్రల్‌లో రయ్యిమని లేచి పడిపోతూ ఉంటుంది. బండికి ఆర్‌పీఎం మీటరు లేదు కదా, స్కానర్ పెట్టి చూస్తే 1,100 - 1,900 మధ్య ఊగుతోంది. చెక్ ఇంజిన్ లైటు లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు కొత్తవి. ఐఎస్‌సీ వాల్వ్ (స్లోలో గాలిని సర్దే వాల్వ్) మార్చమంటున్నారు. మార్చేయమంటారా?

జవాబు 1:
అప్పుడే వద్దండీ. ఇది దొంగగాలి లక్షణం. ఈ ఇంజిన్ గాలిని నేరుగా కొలవదు, మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) ఒత్తిడిని బట్టి పెట్రోలు లెక్కేస్తుంది. థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) దాటాక ఎక్కడైనా గాలి దూరితే ఒత్తిడి పెరుగుతుంది, పెట్రోలూ పెరుగుతుంది, ఆర్‌పీఎం లేస్తుంది. యాక్సిలరేటర్ వదిలేసి ఉండగా ఆర్‌పీఎం అంత ఎక్కువుంటే, బండి పల్లంలో దిగుతోందనుకుని ఈసీఎం ఇంజెక్టర్లు ఆపేస్తుంది. పడిపోగానే మళ్లీ ఇస్తుంది. ఆ ఊగులాట ఇదే. చల్లని ఇంజిన్‌కి ఎలాగూ ఎక్కువ గాలి కావాలి కాబట్టి పొద్దున బయటపడదు.

జవాబు 2:
వెతకడం తేలికే. సీటెత్తి, ఇంజిన్ వేడిగా నడుస్తుండగా ప్లయర్ మూతికి గుడ్డ చుట్టి ఒక్కో గొట్టం నొక్కండి: పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కి పంపేది), క్యానిస్టర్ (పెట్రోలు ఆవిరి పట్టే డబ్బా), ఉంటే బ్రేక్ బూస్టర్ (బ్రేకుకి బలమిచ్చేది). దేన్ని నొక్కితే ఊగులాట ఆగుతుందో లీకు ఆ గొట్టం వైపే. పీసీవీ నొక్కితే మంచి బండిలోనూ కాస్త తగ్గుతుంది, అది లెక్కలోకి రాదు. గొట్టాన్ని వంచి అడుగు వైపు చూడండి, పగులు అక్కడే దాక్కుంటుంది. గొట్టాలన్నీ బాగుంటే థ్రాటిల్ బాడీ, మానిఫోల్డ్ గాస్కెట్ల అంచున సబ్బునీళ్లు చిమ్మండి, శబ్దం మారితే దొరికినట్టే. కార్బ్ క్లీనర్ (మంటంటుకునే స్ప్రే) మాత్రం వద్దు. పక్కనే సైలెన్సర్ మానిఫోల్డ్ కాలుతుంటుంది, పైన మీ సీటు.

జవాబు 3:
లీకు లేకపోతే రెండు చూడండి. థ్రాటిల్ స్టాప్ స్క్రూ మీద రంగు గుర్తు చెదిరిందంటే ఎవరో తిప్పారన్నమాట. స్లో పెంచడానికి దాన్ని తిప్పడం కార్బొరేటర్ రోజుల అలవాటు, ఇందులో చేటు. రెండోది కూలెంట్ సెన్సర్: 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓమ్స్, 80 దగ్గర 0.3 రావాలి. ఫ్యాన్ తిరుగుతున్నా స్కానర్‌లో 40 డిగ్రీలే కనిపిస్తే ఈసీఎం ఇంకా చల్లగా ఉందనుకుని స్లో దించదు.

ఐఎస్‌సీ విప్పితే మసి తుడవండి, అంతే. దాని కొసన ఉన్న ముల్లుని వేలితో లోపలికి నెట్టకండి, దాన్ని కదిపే పళ్లు పోతాయి. బిగించాక బ్యాటరీ నెగటివ్ కాసేపు తీసి పెట్టి, లైట్లు అన్నీ ఆపి, ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా యాక్సిలరేటర్ ముట్టకుండా నడవనివ్వండి.